ఎముక పునర్నిర్మాణమున గ్రాఫీన్ సమ్మిశ్రములు: ఒక విమర్శ

నూతన పదార్థ మొకటి వెలువడినప్పుడు దానిని గూర్చి రెండు విధములైన మాటలు పుట్టుచుండును. పరిశోధకుడు తాను కొలిచినంతవరకే చెప్పును. లోకము అతడు కొలువనిదానిని గూడ కలిపి చెప్పును. బెంగుళూరున బ్రూక్‌ఫీల్డ్ మొదలగు పేటలలో స్థిరపడిన తెలుగువారు ఈ భేదమును గుర్తింపవలసియున్నది. ఏలయన ఎముకను పెంచుటకు ఉద్దేశింపబడిన గ్రాఫీన్ సమ్మిశ్రములపై గణనీయమైన కృషి ఈ నగరముననే, 1909లో స్థాపితమైన భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగినది. దాని గుణదోష విచారణమే ఈ వ్యాసోద్దేశము.

పెన్సిలు ములికియందలి గ్రాఫైట్ కర్బనపు పొరల దొంతర. అందు ఒక్క పరమాణువు మందము గల పొరయే గ్రాఫీన్. 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ దీనిని వేరుచేసి చూపి, 2010లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి. గ్రాఫైట్ అను పేరు ‘వ్రాయుట’ అను అర్థము గల గ్రీకు ధాతువునుండి పుట్టినది.

ఎముక విషయమున తెలుగులో రెండు క్రియలు కలవు: అతుకుట, పూడుట. విరిగిన ఎముక అతుకును. పోయిన ఎముక తావు పూడవలెను. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట ప్రసిద్ధము. అది విరుగుటకు సంబంధించిన వైద్యము. విరిగిన కొనలను చేర్చి కదలకుండ కట్టినచో అతికించుపని శరీరమే చేయును. వ్రణముచేతనో, కంతిని కోసి తీసివేయుటచేతనో ఎముకలో పెద్ద లోటు ఏర్పడినప్పుడు కట్టు మాత్రమే చాలదు. అచ్చట కణములు నిలిచి పెరుగుటకు ఆధారము కావలెను. దానినే శాస్త్రజ్ఞులు పరంజాతో పోల్చుదురు.

ఆచార్య కౌశిక్ ఛటర్జీయు, వారి సహపరిశోధకులును 2016లో నానోస్కేల్ పత్రికయందు ప్రకటించిన వ్యాసము ఇట్టి ఆధారమును గూర్చినది. శరీరమున మెల్లగా కరగిపోవు పాలీకాప్రోలాక్టోన్ అను పదార్థమున, పాలీఇథిలీనిమైన్ తొడిగిన గ్రాఫీన్ ఆక్సైడును వారు 5 శాతమువరకు కలిపిరి. మానవ మూలకణములను దానిపై పెంచగా, ఎముక ఏర్పడుటకు గుర్తులైన ఆల్కలైన్ ఫాస్ఫటేజు, ఖనిజ సంచయము, ఈ రెండును ఏమియు కలుపని పదార్థముపై కంటె దాదాపు రెట్టింపైనవి. తొడుగులేని గ్రాఫీన్ ఆక్సైడు కంటె ఫలితము సుమారు 50 శాతము మిన్న. ఇ. కోలై సూక్ష్మజీవుల సముదాయములు 85 శాతము తగ్గినవి.

ఈ కృషియందలి మేలును ముందుగా ఒప్పుకొనవలెను. కణములకు ద్రవరూపమున నిచ్చు ప్రేరకములు త్వరగా చెడునవి. వాటితో సమానమైన ప్రేరణను పదార్థమే ఇచ్చుట సామాన్య విషయము కాదు. కణములను పెంచుట, క్రిములను అణచుట అను రెండు పనులను ఒకే వస్తువునకు అప్పగించుట యుక్తియుక్తమైన ఊహ.

అయినను మూడు ఆక్షేపణములు నిలుచును. మొదటిది తూనికరాతికి సంబంధించినది. ‘రెట్టింపు’ అన్నది దేనికి రెట్టింపు? పాలీకాప్రోలాక్టోన్ స్వయముగ ఎముకను ప్రేరేపించుటలో దుర్బలము. రోగి దేహమునుండియే తీసి అమర్చు ఎముకతో పోల్చిననే వైద్యునకు ప్రయోజనము తెలియును. రెండవది క్రిమికి సంబంధించినది. ఎముక రోగములలో ప్రధాన శత్రువు ఇ. కోలై కాదు, స్టెఫైలోకాకస్ ఆరియస్. ఒక శత్రువును గెలిచి మరియొకనిని గెలిచితి మనరాదు. మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, శేషమునకు సంబంధించినది. ఇల్లు ముగిసిన పిదప పరంజా విప్పుదురు. ఇచ్చట పాలీకాప్రోలాక్టోన్ కరగిపోవును. గ్రాఫీన్ రేణువుల గతి యేమి? పరంజా అను ఉపమానము ఈ ప్రశ్నను కప్పివేయుచున్నది. వెదుళ్లు తీసినను మేకులు గోడలో మిగులవచ్చును. పాలీఇథిలీనిమైన్ సైతము మోతాదు మించినచో కణములకు హానికరమని తెలిసినదే. పాత్రలోని కణములు కొలది దినములలో చెప్పు సాక్ష్యము, దేహము సంవత్సరములపాటు చెప్పవలసిన సాక్ష్యమునకు బదులు కాజాలదు.

ఈ ఆక్షేపణములు పరిశోధకుల నిందకై కాదు. వారు పేర్కొన్న అంకెలు వారు చేసిన ప్రయోగమునకు సరిపోవును. దోషము ఆ అంకెలను ‘ఎముకను పుట్టించు మందు’ అని అనువదించు మాటలో నున్నది. తుంటి విరిగిన వృద్ధురాలి బిడ్డలు ఆ మాటను నమ్మినచో, నేడు లభించు చికిత్సను మాని రేపటి వింతకై వేచియుందురు. ఎముకకు కాలహరణము హానికరము. భాష యందలి అజాగ్రత్త ఇట్లు దేహమునకు తగులును.

ఎముకకు ప్రాణప్రాయమైన భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో గూడి లోకమున కందించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. కొలిచి పలుకుట తెలుగువారికి క్రొత్త కాదు. కణములు ‘పెరిగినవి’ అనవలసినచోట ఎముక ‘పూడినది’ అనకుండుట, పూడినది రుజువైననాడు సంకోచింపక ఆ మాటనే పలుకుట, ఈ రెండును మన వైజ్ఞానిక వచనమునకు అలవడవలెను. అట్టి వచనము తెలుగున వర్ధిల్లినచో, పరిశోధనాలయమునకును మన ఇంటి వాకిలికిని నడుమనున్న లోటు కొంతయైన పూడగలదు.