సుందరపాలెంలో అప్పీలు లేదు

కారా మాస్టారి 'యజ్ఞం' మీద చర్చ దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. సీతారాముడు కన్నకొడుకుని చంపడం సబబేనా? శ్రీరాములునాయుడు నిజంగా మంచివాడా? మాది జలంత్రకోట. మా జిల్లా కథ కదా అని చాలాసార్లు చదివాను. నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది: ఆ పంచాయితీ చేసిన తప్పేంటి?

పద్ధతి ప్రకారం చూస్తే తప్పు దొరకదు. గోపన్న బాకీ అడిగాడు. పెద్దలు ఇరుపక్షాల మాటా విన్నారు. ఊరి న్యాయం ప్రకారమే తేల్చారు. అప్పు తీరాలంటే అప్పల్రాముడి భూమి పోవాలి, అంతే. అసలు ఇది ఆ పెద్దలు తేల్చదగ్గ విషయమేనా అని అడగడానికే అక్కడ చోటు లేదు.

రాజ్యాంగ చట్టంలో ఈ ప్రశ్నకి పాత పేరుంది: పార్లమెంటు సార్వభౌమత్వం. పార్లమెంటు ఏ చట్టమైనా చేయగలదు, ఏదైనా రద్దు చేయగలదు, దాన్ని ఏ కోర్టూ కొట్టేయలేదు అని ఇంగ్లండులో డైసీ 1885లో సూత్రీకరించాడు. మనం ఆ దారిలో పూర్తిగా నడవలేదు. 1964లో పార్లమెంటు 17వ సవరణతో మన 1961 భూపరిమితి చట్టంతో సహా చాలా భూచట్టాలని తొమ్మిదో షెడ్యూల్లో పెట్టి, కోర్టులకి అందకుండా చేయబోయింది. 1967లో గోలక్‌నాథ్ కేసులో, రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలో, 6-5 తేడాతో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదంది. 1973లో కేశవానంద భారతి కేసు 7-6తో ఆ మాట మార్చింది: సవరించొచ్చు, కానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు.

అయితే నాయుడి పైన ఒక సుప్రీంకోర్టు ఉంటే సరిపోయేదా? నాకలా అనిపించదు. గోలక్‌నాథ్ కుటుంబానిది పంజాబులో భూమి తగాదా, కేశవానందది కేరళలో మఠం భూముల తగాదా. ఆ హద్దురాయి మొదట కాపు కాసింది భూమి ఉన్నవాళ్ళకి. మా వైపు మందస, టెక్కలి జమీందారీలు పోయింది కోర్టు తీర్పుతో కాదు, 1948లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో. అంటే సభకున్న అధికారమే ఒకప్పుడు రైతు పక్షాన నిలబడింది. అప్పల్రాముడిని మాత్రం సభా ఆదుకోలేదు, కోర్టూ ఆదుకోలేదు.

అందుకే ముగింపుని నేను తిరుగుబాటుగా చదవలేను. అది అప్పీలు. పైకోర్టు లేనివాడు, బిడ్డ శవాన్నే అర్జీగా చేసి, తీర్పు చెప్పినవాళ్ళ ముందే పెట్టాడు.

కథలో నాకు లోపం కనిపించేది కూడా ఇక్కడే. ఆ దెబ్బ ఎంత బలమైనదంటే, పాఠకుడికి హత్యే గుర్తుండిపోతుంది, అంతకుముందు నడిచిన వాదన మరుగునపడుతుంది. మర్యాదగా, నెమ్మదిగా, అందరి ఒప్పుకోలుతో అన్యాయం ఎలా తయారవుతుందో మాస్టారు చూపించింది ఆ వాదనలోనే. ఈసారి చదివితే అక్కడ కాస్త ఆగండి.