చివరి లేన్లో పాఠకులు

పత్రికలకి వచ్చే ఉత్తరాలని సాహిత్యం కింద ఎవరూ లెక్కేయరు. కానీ పత్రిక తన పాఠకుడు ఎవరనుకుంటోందో, ఆ పాఠకుడు తనని తాను ఎవరనుకుంటున్నాడో, ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడం బయటపడేది అక్కడే. అమెరికాలో పెద్దవాళ్ళ ఈత కోసం వచ్చే ‘స్విమ్మర్’ పత్రిక చదువుతున్నప్పుడల్లా నా ఆలోచన ఈ ఎడం మీదకే పోతుంది.

యు.ఎస్. మాస్టర్స్ స్విమ్మింగ్ అనే సంస్థ తన సభ్యుల కోసం తెచ్చే పత్రిక ఇది. ఈ ఉద్యమానికి మొదలు 1970 మేలో టెక్సస్‌లోని అమరిల్లోలో జరిగిన పోటీలు. చదువులతో పాటే ఈతకీ స్వస్తి చెప్పినవాళ్ళు ఆరోగ్యం కోసం మళ్ళీ నీళ్ళలో దిగాలంటే పోటీ అనే ఆకర్షణ ఉండాలని రాన్సమ్ ఆర్థర్ అనే నేవీ డాక్టరు నమ్మాడు. 18 ఏళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా చేరొచ్చు. 25 దాటాక అయిదేళ్ళకో వర్గం. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. 55-59 వర్గంలో అందరికంటే ముసలాయన, 60 నిండగానే పై వర్గంలో అందరికంటే కుర్రాడైపోతాడు. పుట్టినరోజు కోసం ఎదురుచూసే అరవయ్యేళ్ళవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇలాంటి పత్రికకి ఇద్దరు పాఠకులుంటారు. ఒకరికి సెకన్లు కావాలి, సాధన పట్టికలు కావాలి, రికార్డులు కావాలి. ఇంకొకరికి నీళ్ళలో ఊపిరి ఎలా వదలాలో తెలిస్తే చాలు. ఒకరికి పత్రిక మరీ మెత్తగా ఉందనిపిస్తే, అదే సంచిక అట్ట మీద కండలు చూసి ‘ఇది నాకోసం కాదులే’ అనుకునేది రెండోవాళ్ళు. ‘మాస్టర్స్’ అన్న పేరే వీళ్ళని గుమ్మంలో ఆపేస్తుంది. అక్కడ దానర్థం పెద్దవాళ్ళనే తప్ప ఆరితేరినవాళ్ళని కాదు.

నేను రెండో రకం. మా ఊళ్ళో అన్నయ్యలు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చుకుంటుంటే గట్టు మీద వాళ్ళ బట్టలకి కాపలా కాయడం ఆడపిల్లల పని. నాకు ఈత వచ్చింది 46వ ఏట, అమెరికాలో. అందుకే నాకు పత్రికలో స్ఫూర్తి కథలతోనే పేచీ. జపాన్‌లో మియెకో నాగవొకా అనే ఆవిడ మోకాళ్ళ బాధ తగ్గడానికని ఎనభయ్యో పడిలో ఈత మొదలుపెట్టి, 2015లో నూరేళ్ళ వయసులో 1500 మీటర్లు గంటా పదిహేను నిమిషాల పైచిలుకులో ఈదింది. గొప్ప సంగతే. కానీ ఇలాంటివి వరసగా చదివితే ధైర్యం రాదు, ‘మరి నీ సంగతేంటి?’ అని ఎవరో నిలదీసినట్టుంటుంది.

దానికంటే సలహాల పేజీలు నాకు ఎక్కువ ఇష్టం. మన సాహిత్య పత్రికల్లో ‘గుండెని తడిమింది’ అని రాసేస్తే స్పందన అయిపోతుంది, నిజంగా తడిమిందో లేదో అడిగేవాళ్ళుండరు. ఈత పాఠకుడికి ఆ వెసులుబాటు లేదు. తల పైకెత్తకుండా పక్కకి తిప్పి ఊపిరి తీసుకోమన్న వ్యాసం సంగతి మర్నాడు పొద్దున్నే కొలనులో తేలిపోతుంది. ముక్కులోకి నీళ్ళు పోయాయంటే, తప్పు మనదన్నా అయుండాలి, వ్యాసానిదన్నా అయుండాలి. విమర్శకి ఇంతకంటే నికరమైన గీటురాయి నాకు తెలీదు.

చిక్కల్లా ఎవరు రాస్తారన్న దగ్గరే. ఉత్తరం రాయడానికి నేనూ ఇందులో మనిషినే అన్న నమ్మకం ఉండాలి. అది ముందు లేన్లో వాళ్ళకి ఉన్నంతగా చివరి లేన్లో వాళ్ళకి ఉండదు. వచ్చిన ఉత్తరాలనే కొలతగా పెట్టుకున్న సంపాదకుడు తెలీకుండానే పత్రికని వేగంగా ఈదేవాళ్ళ వైపుకి జరుపుతాడు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో చెప్పిన లెక్క ప్రకారం ఆ దేశంలో దాదాపు 4 కోట్లమంది పెద్దవాళ్ళకి ఈత రాదు. సగం పైగా జనం ఎన్నడూ ఈత పాఠమే తీసుకోలేదు. నల్లవాళ్ళలోనైతే ఈత రానివాళ్ళు మూడోవంతుకి మించే ఉన్నారు, ఊరి కొలనుల్లోకి వాళ్ళని రానివ్వని చరిత్ర దాని వెనక ఉంది. వీళ్ళెవరూ ఉత్తరాలు రాయరు.

కాళ్ళు అందని చోట భయమేస్తే ఏం చెయ్యాలి అన్నది అడగడానికి సిగ్గుపడే ప్రశ్న. వెల్లకిలా తిరిగి, చేతులు చాచి, ఊపిరి అందేదాకా తేలుతూ ఉండమని ఎవరూ అడక్కముందే చెప్పిన పేజీ ఏ సంచికలో ఉంటే ఆ సంచిక నాకు మంచి సంచిక.