ముందు నీళ్లు, ఆ తర్వాతే దావ

మా మేనకోడలు జర్మనీ నుంచి ఒక మ్యాపు పంపింది. తనూ, వాళ్లాయనా, ఇంట్లో ఉన్న రెండు కుక్కలూ కలిసి మోటర్‌హోమ్‌లో, అంటే వంటగది, పడక, స్నానాలగది అన్నీ అమర్చిన బండిలో, అక్టోబరు చివర బయల్దేరతారట. ఫ్రాన్స్ దాటి స్పెయిన్, పోర్చుగల్, తిరుగుదావలో ఇటలీ. జనవరి ఆఖరుకు ఇల్లు. ఇంత పొడుగు ప్రయాణం వాళ్లకు ఇదే మొదలు. "చూసి చెప్పు మామా, కుక్కల సంగతి నీకైతేనే తెలుస్తుంది" అని రాసింది. పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన వాణ్ణి గనక అడిగింది. మ్యాపు మీద నీలిగీత స్టుట్‌గార్ట్ కాడ మొదలై లిస్బన్ దాకా పోయి తిరిగొచ్చింది. ఊళ్ల పేర్లున్నాయి, కిలోమీటర్లున్నాయి. ఏ పూట ఎక్కడ ఆగుతారో మాత్రం లేదు.

మాకిది శనగ కోతలైపోయిన కాలం. మా సంజామల చుట్టూ రేగడి చేలల్లోకి గొర్రెల మందలు దిగాయి. రైతులు పిలిచి మంద కట్టించుకుంటారు. రాత్రంతా జీవాలు చేలో పండుకుంటే ఆ పెంటికలే వచ్చే పంటకు ఎరువు. కాపరులకు గింజలో డబ్బులో ముడతాయి. అట్లాంటి ఒక మంద కాడికి పోయి, దాన్ని కాసే పెద్దాయనకు ఫోన్లో మ్యాపు చూపించి, ఇట్లా కుక్కల్తో మూడు నెలలు తిరుగుతారంట అని చెప్పాను. ఆయన గీతను చూడనే లేదు. "నీళ్లు యాడ తాపుతారు సామీ? మద్దేన్నం అవి యాడ పండుకుంటాయి?" అన్నాడు.

యూరప్ ఎరగని మనిషి అడిగిన ఆ రెండు ప్రశ్నలకు మించిన ప్రయాణ శాస్త్రం నాకింతవరకు కనబడలేదు. నోరులేని జీవం వెంట ఉన్నప్పుడు దావను అది నిర్ణయించాలి. మనం చూడాలనుకున్న ఊళ్లను దాని మజిలీల మధ్య ఇమిడినన్ని ఇముడ్చుకోవాలి. ఈ వరస తిరగబడితే ఎంత ఖర్చు పెట్టినా ప్రయాణం చెడుతుంది.

మందల వాళ్లు ఎట్లా ఆలోచిస్తారో చెప్తాను. మాది ఎర్రమలకూ నల్లమలకూ నడుమ కుందూ పారే నల్లరేగడి నేల. వానలు పడితే చేలన్నీ పైరుతో ఉంటాయి, బురద గిట్టల సందున పట్టి జీవాలు కుంటుతాయి. అందుకని వానాకాలం గట్టినేలల వైపు, కొండల అంచుల వైపు తోలుకుపోతారు. కోతలయ్యాక మళ్లీ రేగడికి దిగుతారు. ఈ రాకపోకల్లో తొందరపాటు ఎక్కడా ఉండదు. మంద కదలకముందే ఒక మనిషి ముందుకు పోయి వస్తాడు. వంకలో నీళ్లున్నాయా, కుంట ఎండిందా, మేత ఎట్లుంది, నిరుడు మంద కట్టించుకున్న రైతు ఈసారి ఏం పంట పెట్టాడు, పురుగుమందు ఎవరు కొట్టారు, ఇవన్నీ విచారించుకొస్తాడు. చల్లపొద్దున మేపు, ఎండవేళ నీడ, మళ్లీ సాయంత్రం మేపు. రోజుకు ఎంతదూరం అన్నది ఈనబోయే గొర్రెను బట్టి, నిన్న పుట్టిన పిల్లను బట్టి తేలుతుంది. బలంగా నడిచే పొట్టేలును బట్టి కాదు. ఇదివరకు వంటసామాను, వలలు, పిల్లలు గాడిదల మీద పోయేవి. ఇప్పుడు ఆటోలొచ్చాయి. లెక్క మాత్రం మారలేదు.

బయల్దేరే ముందు మా ఆస్పత్రి కాడ వరస కట్టేవాళ్లు. తొలకరికి ముందే చిటుకు రోగానికి టీకా, పారుడు రోగానికి టీకా, నట్టల మందు. టీకా వేసిన రోజే పట్టు రాదనీ, ఒంట్లో శక్తి పుంజుకోవడానికి వారాలు పడుతుందనీ వాళ్లకు నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు. బయల్దేరే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుని వచ్చేవాళ్లు.

వెనక్కి లెక్కేసే ఈ పద్ధతే పాపకు, అంటే మా మేనకోడలికి, మొదట చెప్పాను. యూరోపియన్ యూనియన్‌లో కుక్క దేశం దాటాలంటే ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి, ఆ తర్వాత రేబిస్ టీకా పడాలి, మొదటి టీకా అయితే 21 రోజులు ఆగాలి, ఇవన్నీ పెంపుడు జంతువుల పాస్‌పోర్టులో డాక్టరు రాసి ఉండాలి. చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. వాళ్ల పెద్ద కుక్క టీకా గడువు నవంబరులో తీరుతుంది, అంటే దావ మధ్యలో. గడువు దాటాక వేస్తే మళ్లీ మొదటి టీకా కిందే లెక్క, మళ్లీ 21 రోజులు. సెప్టెంబరులోనే వేయించమన్నాను. హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో కుక్కను యూరప్ తీసుకుపోయే మనవాళ్లకైతే ఇంకా పొడుగు లెక్క. టీకా వేసిన 30 రోజులు దాటాక రక్తం తీసి వాళ్లు ఒప్పుకున్న ల్యాబుకు పంపాలి. అందులో రేబిస్ మీద రోగనిరోధక శక్తి మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకుండా ఉండాలి. రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి. ఉద్యోగం వచ్చి నెలలో పోవాల్సిన పిల్లలు ఇది తెలియక కుక్కను అమ్మానాన్నల దగ్గర వదిలి పోతుంటారు. ముందే చెప్పేవాళ్లుంటే చాలామంది వదలరు.

లండన్‌లో ఉన్న చిన్నాయన కొడుకును కూడా చూసొద్దామన్న మాట వచ్చింది. బ్రిటన్‌లోకి కుక్క అడుగుపెట్టాలంటే 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలు దాటకుండా డాక్టరు చేతిమీద బద్దెపురుగు మందు పడి ఉండాలి. మనుషులకు వేరే వీసా కావాలి. మొదటి ప్రయాణంలో అది వద్దన్నాను.

మనుషుల లెక్క ఒకటి బయటపడింది. కుక్క పాస్‌పోర్టుకు రోజుల పరిమితి లేదు. భారత పాస్‌పోర్టుతో జర్మనీ నివాస అనుమతి మీద ఉన్నవాళ్లకు మాత్రం తక్కిన షెంజెన్ దేశాలన్నీ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. అక్టోబరు 25 నుంచి జనవరి 31 దాకా అంటే ఆ గీత దాటిపోతుంది. ఇటలీని అప్పుడే వదులుకోవాల్సింది. పాప ఒప్పుకోలేదు, రోజుకు ఇంకో వంద కిలోమీటర్లు ఎక్కువ నడిపితే సరిపోతుందంది.

సరిపోదు. ఇక్కడే పెద్దాయన అడిగిన రెండో ప్రశ్న వస్తుంది. బండి కదులుతున్నంతసేపు కుక్కకు సరైన నిద్ర ఉండదు. పండుకున్నట్టే ఉంటుంది, ప్రతి మలుపుకూ ఒళ్లు బిగబట్టుకుంటుంది. పటకాకో పెట్టెలోనో భద్రంగా కట్టి ఉంచాలి గనక లేచి తిరగడమూ కుదరదు. రెండు గంటలకోసారి దింపి నడిపించాలి, నీళ్లు పెట్టాలి. రెండు మూడు రోజులు వరసగా నడిపితే ఒకరోజు బండి కదపకూడదు. మనుషులు ఊరు చూడ్డానికి పోయి కుక్కలను బండిలో వదిలే గంటలే అన్నిటికన్నా ప్రమాదం. బయట 24 డిగ్రీలుంటే ఎండలో మూసి ఉంచిన కారులో 10 నిమిషాలకు 34, అరగంటకు 43 డిగ్రీలవుతుంది. మోటర్‌హోమ్ పెద్దది గనక కొంచెం ఆలస్యమవుతుందేమో, కాకుండా ఉండదు. దక్షిణ స్పెయిన్‌లో నవంబరు మధ్యాహ్నాలు వెచ్చగానే ఉంటాయి. కుక్క చెమటతో ఒళ్లు చల్లార్చుకోలేదు, ఎగరొప్పాల్సిందే, లోపలి గాలే వేడెక్కితే అదీ పనిచేయదు. ఒకరు మ్యూజియం చూస్తే ఒకరు కుక్కల కాడ ఉండాలి. ఈ ఒక్క ఒప్పందం దంపతుల మధ్య ముందే కుదరాలి. దాన్ని ఒప్పుకుంటే రోజుకు చూడగలిగేది సగమవుతుంది. ఇటలీ దానంతటదే పోయింది.

రోగాల సంగతికి వస్తే, మధ్యధరా తీరమంతా ఇసుక ఈగలున్నాయి. మన దేశంలో కాలా అజార్ మోసే వాటి జాతివే. అక్కడవి కుక్కలకు లీష్మేనియా ఎక్కిస్తాయి. పొద్దుగుంకిన కాడి నుంచి తెల్లారే దాకా కుడతాయి. డెల్టామెత్రిన్ మందు పట్టించిన మెడపట్టీ బయల్దేరే కొన్నాళ్ల ముందే వేయాలి, మందు ఒంటికంతా పాకాలి గదా. అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ పైన్ చెట్ల మీద తెల్లటి దూదిగూళ్లలాంటివి కడుతుంది ఒక గొంగళిపురుగు. చలికాలం చివర చెట్టు దిగి ఒకదాని వెనక ఒకటి బారుగా నేల మీద పోతాయి. కుక్క వాసన చూడ్డానికి మూతి పెట్టిందంటే ఆ నూగు నాలుకకు అంటి, నాలుక వాచి, కండ చచ్చిపోతుంది. గంటల్లో డాక్టరు చేతికి చేరకపోతే ప్రాణానికే ముప్పు. వెచ్చని తీరాల్లో జనవరికే దిగడం మొదలుపెడతాయి. అందుకే జనవరి మొదటి వారానికల్లా ఉత్తరానికి తిరగమన్నాను, పైన్ తోపుల కింద బండి నిలపొద్దన్నాను. మా కాపరులు గన్నేరు పొదలున్న వంకలో మందను దింపరు. తెలిసిన నేల మీద తెలివి ఉండటం మామూలు. తెలియని నేల విషాన్ని పోకముందే విచారించుకోవాలి.

నీళ్లు బరువు కూడా. మామూలు కారు లైసెన్సుతో అక్కడ ఇప్పటిదాకా నడపగలిగే బండి నిండు బరువు 3,500 కిలోలు. అందులోనే మనుషులు, కుక్కలు, గ్యాసు, సామాను. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే 100 కిలోలు. కుక్కల మేత మూటలు, మంచాలు, సైకిళ్లు వేసుకుంటూ పోతే గీత దాటేస్తారు. అట్లని సగం ట్యాంకుతో పోతే నీళ్లు దొరికే చోట్ల మధ్య దూరం తగ్గాలి. ఫ్రాన్స్‌లో ఊరూరా మునిసిపాలిటీ వాళ్లు ఈ బండ్ల కోసం స్థలాలు ఉంచారు, చాలాచోట్ల నీళ్లు పట్టుకోవచ్చు, మురుగు వదలొచ్చు. ముందు వాటిని మ్యాపు మీద గుర్తు పెట్టమన్నాను. జర్మన్ గ్యాసు సిలిండరు స్పెయిన్‌లో మార్చివ్వరు, అదీ చూసుకోవాలి.

మజిలీ మజిలీకి నీళ్లెట్లున్నాయి, దిగడానికి వసతేమిటి, అంగట్లో ఏం దొరుకుతుంది అని రాసి పెట్టినాయన మన భాషలోనే ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. డేరాలు, పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. మాకు తూర్పున ఉన్న అహోబిలం, మహానంది మీదుగానే శ్రీశైలం పోయాడు. ఆయన మరణించాక 1838లో అచ్చైన కాశీయాత్ర చరిత్రను చాలామంది ఆనాటి సమాజం కోసం చదువుతారు. నేను పల్లకీ మోసేవాళ్ల కోసం చదువుతాను. మోసేవాడు అలిసిన చోట దిగక తప్పదు, ఎంత దొరగారి ప్రయాణమైనా.

పెద్దాయనకు ఇంకొక సంగతి చెప్పాలనిపించి మళ్లీ మంద కాడికి పోయాను. మా పిల్లలు పోయే స్పెయిన్‌లో గొర్రెల దావలకు చట్టముంది. 1273లో పదో అల్ఫోన్సో రాజు గొర్రెల కాపరుల సంఘానికి హక్కులిచ్చాడు. వాటిలో పెద్ద దావ వెడల్పు 75 మీటర్లు. వేసవికి ఉత్తరాన లియోన్ కొండలు, చలికాలానికి దక్షిణాన ఎక్స్‌ట్రెమదురా పచ్చిక, మెరీనో మందలు శతాబ్దాలు అట్లా నడిచాయి, పక్కన పెద్ద కాపలా కుక్కలు. 1995లో మళ్లీ చట్టం చేసి ఆ దావలు ఎవరూ ఆక్రమించరాదన్నారు. ఏటా మాడ్రిడ్ నగరం నడివీధుల్లో మందను తోలి ఆ హక్కును గుర్తు చేస్తారు. ఆయన శ్రద్ధగా విని, "75 మీటర్లా!" అని తన చుట్టూ చూశాడు. మా వైపు బండిదావలు ఏటికేడు చేలల్లో కలిసిపోతున్నాయి. మందను తారురోడ్డు మీద తోలాల్సి వచ్చి, లారీల కింద పడి చచ్చిన జీవాలను నేనే ఎన్నోసార్లు చూశాను. ఆ దావలను కాపాడాలని ఎవరు అడగాలి? అడగాల్సినవి అడగలేవు. మనమే అడగాలి.

పాప బండి నవంబరులో ఎక్స్‌ట్రెమదురా చేరేటట్టు ఇప్పుడు మజిలీలు కుదిరాయి. ఒక్కో తావులో రెండు రాత్రులు, కొన్నిచోట్ల మూడు. సెప్టెంబరులో అద్దె బండి ఒకటి తీసుకుని ఇంటికి దగ్గర్లోనే బ్లాక్ ఫారెస్ట్‌లో రెండు రాత్రులు ఉండి రమ్మన్నాను. అక్కడ చూడాల్సింది అడవిని కాదు. కుక్కలు తెలియని చోట నీళ్లు తాగుతున్నాయా, చీకట్లో బయటి చప్పుళ్లకు మొరుగుతూ తెల్లవార్లూ మెలకువగా ఉంటున్నాయా, మలవిసర్జన బిగబడుతోందా అన్నవి. పెద్ద కుక్కకు పదేళ్లు దాటాయి, వెనక కీళ్లు పట్టేస్తున్నాయట. బండి మెట్టు ఎత్తుగా ఉంటుంది. రోజుకు ఎనిమిదిసార్లు ఎక్కి దిగాలంటే కష్టం. ఎక్కలేకపోతే వాలుపలక ఒకటి కొనాలి, దాని బరువు కూడా 3,500 కిలోల్లో వేసుకోవాలి. పలక ఉన్నా ఎక్కలేనంటే, ప్రయాణం నెలరోజులకు తగ్గించి ఫ్రాన్స్ దక్షిణం దాకా పోయి రండి అని చెప్పాను. వాళ్లాయన దానికి కూడా సరేనన్నాడు.