వదలడం తెలిసిన చేతులు

దెందులూరు పక్కనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇటు ఏలూరు, అటు తాడేపల్లిగూడెం. రెండూ చదువుల ఊళ్లే. ఇక్కడి ఏ కాలేజీ ఆవరణలోనో ఒక కుర్రాడు నిలుచున్నపళంగా కూలిపోయాడనుకోండి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ మనకుంది. కానీ ఎంత వేగంగా వచ్చినా అది దారి దాటి, గేటు దాటి రావాలి. గుండె ఆగాక మెదడు ఓర్చుకునేది నాలుగైదు నిమిషాలే. ఆ నిమిషాలు పక్క బెంచీవాళ్ల చేతిలో ఉంటాయి. యూత్ రెడ్‌క్రాస్ శిక్షణలో విద్యార్థులు నేర్చేది ఆ నిమిషాల పనితనమే.

ముందు భుజం తట్టి పిలుస్తారు. పలక్కపోతే ఊపిరి చూస్తారు. అదీ లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుంటారు. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మొదలు ఆనించి, దానిపై రెండో చెయ్యి వేసి వేళ్లు పెనవేస్తారు. మోచేతులు వంగవు, భుజాలు సరిగ్గా చేతుల పైకి వస్తాయి. అప్పుడు నొక్కేది కండబలం కాదు, ఒంటి బరువు. పెద్దవాళ్లకు లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు.

అసలు నేర్పు వదలడంలో ఉంది. నొక్కితే గుండెలోని రక్తం బయటికి పోతుంది. ఛాతీని పూర్తిగా పైకి లేవనిస్తేనే గుండె మళ్లీ నిండుతుంది. అలసిన చేతులు ఛాతీ మీదే వాలిపోతాయి గనుక రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారతాడు.

కట్టులోనూ అంతే. మీటరు చదరపు గుడ్డను మూలకు మూల కోస్తే రెండు త్రికోణపు కట్లు వస్తాయి. విరిగిన ముంజేతిని అందులో మోయించి, అరచెయ్యి మోచేతికన్నా కాస్త ఎత్తులో ఉండేలా చూస్తారు. వేలి కొసలు బయటికే వదులుతారు, గోళ్లు నీలిరంగుకు తిరిగితే కట్టు బిగిసిందని తెలియాలి కదా. కుడి కొస ఎడమ మీదుగా, మళ్లీ ఎడమ కొస కుడి మీదుగా వేసే రీఫ్ ముడి చదునుగా కూర్చుంటుంది, జారదు, తేలిగ్గా విప్పొచ్చు.

కొల్లేరు వైపు చేపల చెరువులు, వరిచేలు, వాటితోపాటే పాముల భయం. పాముకాటు అనగానే చేతులు తాడు వెతుకుతాయి. శిక్షణ పొందినవాళ్లు తాడు కట్టరు, గాటు పెట్టరు, నోటితో పీల్చరు. వాపు వస్తే నొక్కుకుపోయే ఉంగరం, పట్టీ తీసేస్తారు. విరిగిన కాలికి కట్టినట్టే బద్ద కట్టి, నడవనివ్వకుండా విరుగుడు మందున్న ఆసుపత్రికి చేరుస్తారు.

చివరి వదలడం 108 రాగానే. ఎప్పుడు కూలాడు, ఎప్పుడు నొక్కడం మొదలైంది, ఏమేం చేశారు అన్నవి చెప్పి పక్కకు తప్పుకుంటారు.

మీ కాలేజీలో ఈ శిక్షణకు వాడే బొమ్మ ఉంటే ఒక గంట దాని ముందు మోకాళ్లూనండి. నొక్కడం తొందరగానే పట్టుబడుతుంది. మిగిలిన గంటంతా వదలడం నేర్చుకోడానికే.