రెండేళ్ల నిబంధన - బిడ్డ మనోవర్తి

షాబానో తీర్పుపై చెలరేగిన వివాదంలోంచి 1986 నాటి ముస్లిం మహిళల చట్టం పుట్టింది. వాదోపవాదాలు భార్య మనోవర్తి చుట్టూ తిరిగాయి. బిడ్డల సంగతి మరుగున పడింది. తల్లే పోషిస్తున్న పక్షంలో బిడ్డ పుట్టిననాటి నుండి రెండేళ్లపాటు మాజీ భర్త మనోవర్తి ఇవ్వాలన్నది అందులోని నిబంధన. మూడో ఏట బిడ్డకు ఆకలి వేయదా?

అల్ బఖరా సూరా 233వ ఆయత్‌లో రెండేళ్లు స్తన్యపానానికి గడువు. పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిదని చెప్పే ఆ ఆయత్, అంతటితో అతని బాధ్యత తీరిందనదు. హనఫీ ఫిఖ్‌హ్‌లో హిజానత్ వేరు, నఫఖా వేరు. కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు యుక్తవయస్సు వరకు తల్లి దగ్గరే పెరిగినా ఖర్చు తండ్రిదే. కొడుకు సంపాదనకు వచ్చేదాకా, కూతురికి పెళ్లయ్యేదాకా ఆ భారం అతనిదే. చట్టం రాసినవారు ఈ భేదాన్ని గుర్తించినట్లు లేదు. బీహారు నుండి వచ్చిన ఒక కేసులో 1997లో సుప్రీంకోర్టే దాన్ని సరిదిద్దవలసి వచ్చింది: రెండేళ్ల మనోవర్తి తల్లి స్వయంగా అడగదగినది, బిడ్డల హక్కు దానికి వేరు, అది అలాగే ఉంటుంది. తెలంగాణ నుండి వెళ్లిన అప్పీలులో 2024 జూలై 10న విడాకులు పొందిన భార్యకూ సాధారణ చట్టం కింద మనోవర్తి అడిగే హక్కుందని అదే కోర్టు చెప్పింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో పుట్టింటికి చేరిన తల్లి తానున్నచోటి కోర్టులోనే మనోవర్తికి అర్జీ పెట్టుకోవచ్చు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది 1890 నాటి సంరక్షకుల చట్టం కింద తేలవలసిన వేరే వివాదం. “బిడ్డను ఇవ్వలేదు, డబ్బివ్వను” అనే తండ్రి వాదన ఆ చట్టంలోనూ నిలవదు, ఫిఖ్‌హ్‌లోనూ నిలవదు.