ఇగో, ఇంటున్నవా

పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు. మైకు ఆగింది, కీబోర్డు ఆగింది, ఫ్యాన్లు తిరిగి తిరిగి నిలబడ్డాయి. జనరేటరు వేయడానికి పోయిన పిల్లవాడికి గది తాళంచెవి దొరకలేదు. పాస్టరుగారు గొంతు పెంచలేదు. "మౌనంగా దేవుని సన్నిధిలో ఉందాం" అని మెల్లగా అని, తానూ మోకాళ్లూనారు. అట్లా 12 నిమిషాలు గడిచాయి. ఏళ్లుగా మహబూబ్‌నగర్‌లో ఆదివారం ఆరాధనకు పోతున్నాను. అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా మైకుల గొడవ కొత్త కాదు. వందమంది కూర్చునే చోట వెయ్యిమందికి సరిపోయే స్పీకర్లు ఎందుకని చర్చిని అడిగాను, గుడిని అడిగాను, మసీదును అడిగాను. మూడు చోట్లా మాట పడ్డాను. కొత్త సంవత్సరం రాత్రి పంచే వాగ్దానపు కార్డుల మీదా రాశాను. ఏడాదంతటికీ దేవుడు చెప్పే మాటను కళ్లు మూసుకుని చీటీ తీసినట్టు తీయడం నాకు నచ్చదని అంటే, జడ్చర్ల నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. భర్త పోయిన ఏడాది తన చేతికొచ్చిన కార్డే తనను నిలబెట్టిందట. ఆ ఉత్తరం దాచుకున్నాను. కార్డుల మీద మళ్లీ రాయలేదు. మైకుల మీద మాత్రం నా మాట మారలేదు. అందుకే ఆ 12 నిమిషాలు నాకు పండుగలా అనిపించాయి.

కానీ ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో నేను విన్నది ఏమిటి? ముందు పక్కింటి కుక్కరు కూత విన్నాను. రోడ్డు మీద ఆటో, వెనక వరసలో నీళ్లడిగే పిల్లవాడు. అవి సద్దుమణిగాక లోపలి సంత మొదలైంది. మంగళవారం బ్యాంకు పని, తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబు, సిలిండరు బుక్ చేశానా లేదా. దేవుని స్వరం కోసం చెవి పెట్టిన మనిషికి తన గొంతు తప్ప ఏదీ వినిపించలేదు. ఇన్నేళ్లూ అడ్డం మైకే అనుకున్నాను. మైకు ఆగినా వినిపించలేదు.

మా వాళ్లకు ఈ వినడమనేది చిన్న సంగతి కాదు. "దేవుడు నాతో మాట్లాడిండు" అనే మాట మా ఇళ్లలో ఉప్పు, చింతపండు అన్నంత మామూలుగా వస్తుంది. పెళ్లి సంబంధానికి, బదిలీకి, పొలం అమ్మకానికి, అన్నింటికీ ముందు "నడిపింపు" కావాలి. దీనికి వేర్లు రెండు వైపులా ఉన్నాయి. ఒకటి మిషనరీలది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ నల్లగొండలో బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టారు. ఆయన మెన్నొనైట్ బ్రదరెన్. 1899లో అమెరికా నుంచి అదే శాఖకు చెందిన ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చారు. తర్వాత మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, గద్వాల దాకా పాకింది. యూరప్‌లో ఈ మెన్నొనైట్లకు ఒక పాత పేరుంది, దేశంలో సడి చేయకుండా బతికేవాళ్లని. మాకు వాక్యం తెచ్చినవాళ్లు అంత నిమ్మళపు మనుషులు. రెండో వేరు హైదరాబాద్‌ది. పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ 1941లో మద్రాసు దగ్గర పల్లావరం గుట్ట మీద తోటివాళ్లతో ఒక రాత్రంతా ప్రార్థనలో గడిపారు. 1950లో హైదరాబాద్‌లో ఆయన ప్రార్థనా కేంద్రం హెబ్రోను మొదలైంది. పనికి ముందు మోకాళ్లు, మాటకు ముందు మౌనం అన్నది ఆయన దగ్గర వేలమంది తెలుగువాళ్లు నేర్చుకున్న పద్ధతి. మా నాయన అట్లా నేర్చుకున్నవాడే. హెబ్రోను కూటాలకు పోయివచ్చి, మా ఊరి వెనక గుట్టను తన పల్లావరం చేసుకున్నాడు.

నాయన సంగతికి వస్తాను. ముందు బైబిల్లోని ఏలియా ప్రవక్త కథ. ఆయన ఒక గుహలో ఉన్నాడు. గాలి, భూకంపం, అగ్ని, వీటిలో దేన్లోనూ దేవుడు లేడు, చివరికి ఒక మెల్లని స్వరంలో వచ్చాడు. నిశ్శబ్దం గురించి ఎవరు బోధించినా అక్కడికే పోతారు, నేనూ ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు పోయాను. ఈ వారం మళ్లీ చదివితే ఇన్నాళ్లూ నేను దాటుకుపోయిన సంగతి కనబడింది. ఆ మెల్లని స్వరం ఏలియాను ఓదార్చలేదు. ఇక్కడ నీకేం పని అని అడిగింది. వచ్చిన దారినే తిరిగి పొమ్మని, జనం మధ్య చేయాల్సిన పనులు అప్పజెప్పింది. గుహలో ఉండనివ్వలేదు.

ఈ మాటే మా ఎదురింటి రిటైర్డు సారుతో అన్నాను. ఆయన మన్యంకొండ భక్తుడు. రాయచూరు రోడ్డున ఆ కొండ కనబడగానే బస్సులోనే చేతులు జోడిస్తాడు. తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి అని ఆ కొండకు పేరు. సారు స్థలపురాణం చెప్పాడు. అళహరి కేశవయ్యకు స్వామి కలలో కనబడి పిలిచాడట. ఆయన వచ్చి కోటకదిరలో ఉండి, కృష్ణలో స్నానం చేసి అర్ఘ్యం వదులుతుంటే విగ్రహం దోసిట్లోకి వచ్చిందట. "చూసినవా సారూ, తపస్సు చేస్తుంటే రాలే. రోజూ చేసే పనిల వచ్చిండు" అన్నాడు. నా విశ్వాసం వేరు, ఆయనది వేరు. కానీ ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఇరవై ఏళ్ల కిందటి బోరు బండి మోత చెవుల్లోకి వచ్చింది.

మాది దేవరకొండ వైపు మిట్ట. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది, కానీ ఆ నీళ్లు మా ఎత్తుకు ఎక్కవు. కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చగా పోతుంటే మేం భూమిలోకి చూసుకుంటూ బతికాం. తాత తవ్విన బావి నా చిన్నప్పుడే ఎండిపోయింది. నాయన మొదటి బోరు 180 అడుగుల్లో పడింది. దాన్ని నమ్మి మూడెకరాల బత్తాయి పెట్టాడు. బత్తాయి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బిడ్డను సాకినట్టు ఐదేళ్లు సాకితే గాని కాపు చేతికి రాదు. ఆరో ఏడు బోరు గురగురమని గాలి కొట్టింది. రెండో బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూసంపల్లి పేరు వినే ఉంటారు, జనం కన్నా బోర్లే ఎక్కువని పత్రికలకెక్కిన నల్లగొండ ఊరు. మా జిల్లాలో ప్రతి ఊరూ ఎంతోకొంత మూసంపల్లే.

2003 ఎండాకాలం. చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. నాయన మూడు రాత్రులు ఉపవాసం ఉండి గుట్ట మీద ప్రార్థన చేశాడు. అక్కడ గాలి తప్ప సడి ఉండదు. మూడో రోజు పొద్దున దిగి వచ్చి, "దేవుడు చెప్పిండు, ఈశాన్యం మూలకు వెయ్యమన్నడు" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. అది దొంగ వెలుగు కాదు. అయితే రెండు నెలల ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషి కూడా ఆ మూలే చూపించాడు. చెట్లకు దగ్గరగా, పైపు ఖర్చు తక్కువయ్యే మూల కూడా అదే. నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాం.

బండి రాత్రి 9 గంటలకు వచ్చింది. డ్రిల్లరు తిరుచెంగోడు నుంచి వచ్చిన తమిళాయన, పది తెలుగు మాటలు వచ్చేమో. బోరు బండి పక్కన నిలబడ్డవాళ్లకు ఆ మోత తెలుసు. కంప్రెషరు గాలి అడుగున సుత్తిని కొడుతుంటే నేల అదురుతుంది, బండ పొడి తెల్లగా లేచి ఒళ్లంతా కమ్ముకుంటుంది, పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. నేను డిగ్రీ చదువుతున్నాను, నాకు అన్నీ అడిగే వయసు. ఇంత మోతలో నీళ్ల సంగతి ఎట్లా తెలుస్తుందని సైగలతో అడిగాను. ఆయన నా చెయ్యి పట్టి బండి ఇనుము మీద పెట్టాడు, తర్వాత తన చెవి చూపించాడు. గట్టిబండలో సుత్తి శబ్దం ఒకే తీరుగా ఉంటుంది. చీలిక తగిలితే అది మారుతుంది, రాడ్డు ఒక్కసారి వేగంగా దిగుతుంది, పొడి ముద్దగా వస్తుంది. ఆయన దాని కోసం మోత ఆపలేదు. బండ శబ్దాన్ని ఏళ్ల తరబడి విని విని అలవాటు చేసుకున్నాడు. అది రవ్వంత మారినా ఆయనకు తెలిసేది. ఈ వారమంతా ఇదే తలుచుకున్నాను. వినడం నేర్చుకోవడమంటే చప్పుడు లేని చోటు వెతుక్కోవడం అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆయన నేర్చింది చప్పుడును గుర్తుపట్టడం.

పన్నెండు రాడ్లు దిగాయి. ఒక్కొక్కటి 20 అడుగులు, అంటే 240. పొడి ఇంకా పిండిలా ఎండుగానే వస్తోంది. డ్రిల్లరు లివరు మీద చెయ్యి ఆపి నాయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నాయన కిందికి వేలు చూపించాడు. అప్పుడే అమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది. అమ్మ జీవితంలో ఒక్కసారీ నాయన పేరు పెట్టి పిలవలేదు. మా దిక్కు ఆడవాళ్లందరూ పిలిచినట్టే పిలిచేది. "ఇగో, ఇంటున్నవా." ఆ మోతలో పిలిచింది. నాయన తిరగలేదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చి మళ్లీ పిలిచింది. మూడోసారి భుజం తట్టి, "ఇగో, ఇంటున్నవా, ఇగ చాలు, బందు వెట్టమను" అన్నది. నాయన చూపు పొడి మీది నుంచి కదలలేదు, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఇంకో ఆరు రాడ్లు దిగాయి. 360 అడుగులు. నీళ్లు పడలేదు.

ఆ ఆరు రాడ్ల బాకీ తీరడానికి రెండేళ్లు పట్టింది. బత్తాయి చెట్లు కొట్టి కట్టెల కింద అమ్మాం. నాయన తర్వాత పదేళ్లు బతికాడు, చర్చిలో ఎన్నో సాక్ష్యాలు చెప్పాడు, ఆ బోరు మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. దేవుడు ఆయనను మోసం చేశాడని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఈ వారం నాకు తోచింది ఒకటుంది, తప్పయితే నాయన ఆత్మ నన్ను క్షమించాలి. గుట్ట మీది ఆ గొప్ప నిశ్శబ్దంలో నాయనకు వినబడింది ఆయన ఆశ. దేవుడు మాట్లాడింది కింద, బోరు బండి మోతలో, అమ్మ గొంతుతో. మూడుసార్లు.

బైబిల్లో బాలుడైన సమూయేలు కథ ఇప్పుడు నాకు వేరుగా వినిపిస్తోంది. రాత్రి దేవుడు పిలిస్తే యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు. ఆ స్వరం ఉరుములా ఉంటే ఆ పొరపాటు పడేవాడు కాదు. ఇంట్లో రోజూ వినే ముసలాయన గొంతులా ఉంది కాబట్టే అక్కడికి పోయాడు. నాలుగోసారి పడుకున్నచోటే ఉండి విన్నాక అతనికి అందిన మాట ఎట్లాంటిది? తనను పెంచిన ఆ ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు. చెప్పడానికి భయపడి తెల్లారేదాకా అట్లాగే పడుకున్నాడు. అతను కోరుకున్న మాట కాదది.

భార్య మాటో, పక్కింటాయన మాటో ప్రతిదీ దైవవాక్కు అని నేననడం లేదు. వాక్యంతో సరిచూసుకోవాలి, కొన్నాళ్లు ఆగి చూడాలి, పెద్దలు చెప్పిన ఆ జాగ్రత్తలన్నీ ఉండాల్సిందే. కానీ నాకు కావాల్సిందే దేవుని గొంతులో అచ్చంగా నాకు వినిపించినప్పుడు ఇక మీదట రెండుసార్లు అనుమానిస్తాను. నేను వద్దనుకునే మాట ఇంట్లోవాళ్ల నోట మూడుసార్లు వస్తే చేతిలో పని ఆపి తిరిగి చూస్తాను. మైకుల శబ్దం తగ్గించాలనే నా పట్టు అట్లాగే ఉంటుంది, పక్కింటి పసిపిల్లల నిద్ర కోసమైనా. నాకు దేవుని మాట వినబడకపోవడానికి మాత్రం ఇంకెప్పుడూ మైకును తప్పుపట్టను.

సోమవారం ఊరికి ఫోన్ చేశాను. అమ్మకు 76 ఏళ్లు. ఆ రాత్రి నాయనను ఎందుకు ఆపమన్నవు, నీకేమన్న అనిపించిందా, దేవుడేమన్న చెప్పిండా అని అడిగాను. "యాదికి లేదు బిడ్డా" అన్నది. కాసేపాగి, "బండి పోరగాండ్లు పొద్దుగాల్నించి తినలే, వాళ్లు తినకుంట నిలబడితే పిలవనా మరి" అన్నది.

బండి పోయిన తెల్లారి, పిల్లలు ఎవరన్నా పడతారని ఆ గొట్టం మీద బండ తెచ్చి పెట్టింది కూడా అమ్మే. అది ఇప్పటికీ అక్కడే ఉంది.