దుప్పటి మారింది, కోడ్ మారలేదు

హైదరాబాద్ కొండాపూర్‌లో మా బావ కొన్ని ఫ్లాట్లు తీసుకుని సర్వీస్ అపార్ట్‌మెంట్లుగా తిప్పుతున్నాడు. వాటికి నేను జీతం లేని నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. గెస్టు ఖాళీ చేయగానే హౌస్‌కీపింగ్ వాళ్లు దిగుతారు. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు మారతాయి. బాత్రూమ్ కడుగుతారు, ఫ్రిజ్‌లో మిగిలిన పెరుగు ప్యాకెట్ తీసేస్తారు. తలుపుకున్న డిజిటల్ లాక్ కోడ్ మాత్రం బిగించిన రోజు పెట్టిందే. ఫ్లాట్ నంబరుకు ముందు ఒక సున్నా చేర్చారంతే. కీప్యాడ్‌ను ఏటవాలుగా వెలుతుర్లో చూస్తే ఆ అంకెల మీదే జిడ్డు మెరుస్తుంటుంది. కోడ్ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ దిగేవాళ్లు ఎవరో చూడండి. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది కదా, వీసా ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి కుటుంబాలకు కుటుంబాలు ఈ చుట్టుపక్కలే మకాం పెడుతున్నాయి. గచ్చిబౌలి ఆస్పత్రుల్లో ఆపరేషన్‌కి వచ్చినవాళ్ల బంధువులు, కొత్తగా ఉద్యోగంలో చేరి పీజీ దొరికేదాకా ఆగే పిల్లలు సరేసరి. పాస్‌పోర్టు స్కాన్లు, బ్యాంకు ఓటీపీలు, ఆస్పత్రి రిపోర్టులు అన్నీ ఆ ఫ్లాట్ వైఫై మీదే నడుస్తాయి.

లాక్ సంగతి నిజానికి తేలిక. గెస్టు ఉండే రోజులకు మాత్రమే పనిచేసే కోడ్ ఇచ్చే లాక్‌లు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది యాప్ ఆ అంకెల్లోనే ఇమిడ్చి ఇస్తుంది, లాక్ తన లోపలి గడియారంతో సరిచూసుకుంటుంది. కరెంటు పోయి రౌటర్ ఆగినా తలుపు తెరుచుకుంటుంది. ఒక్కటే ఇబ్బంది, గడియారం తప్పితే కోడ్ కూడా తప్పుతుంది. బ్యాటరీ సెల్స్ పూర్తిగా అయిపోకముందే మార్చుకోవాలి. మామూలు తాళంచెవి ఒకటి ఇంటి బయట, నమ్మకమైన చోట ఉంచుకోవాలి.

చిక్కంతా అడ్మిన్ దగ్గర. ఆ యాప్‌లో యజమానిగా నమోదైంది ఎవరి ఫోన్ నంబర్ అని ఆరా తీస్తే మా బావది కాదని తేలింది. వాచ్‌మన్‌ని అడిగాను. "నాకేం తెల్వది సార్, బిగించినోడే అన్నీ తన ఫోన్ల పెట్టుకుండు, కోడ్ కావాలంటే ఆయనకే ఫోన్ జేస్తం" అన్నాడు. అంటే ఇల్లు కట్టిన మేస్త్రీ బీరువా తాళం తన దగ్గరే ఉంచుకున్నట్టు. బావ తేలిగ్గా తీసుకున్నాడు. "వాడు మంచోడేరా." మంచోడే బావా, ఆ ఫోన్ పోతే? వాడు పని మానేస్తే? ఆ సాయంత్రమే లాక్, కెమెరా, డీవీఆర్, రౌటర్ అన్నీ రీసెట్ చేసి బావ పేరు మీద మళ్లీ ఎక్కించాం. ఈ పనికి నైపుణ్యం అక్కర్లేదు, మొహమాటం లేకపోతే చాలు.

కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకపోతే ఏమవుతుందో 2016లో ప్రపంచమంతా చూసింది. మిరాయ్ అనే మాల్‌వేర్ చేసిన మాయ పెద్దదేం కాదు. అడ్మిన్, 12345 లాంటి అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని కెమెరాల, డీవీఆర్‌ల తలుపులు తడుతూ పోయింది. అలా చేజిక్కిన పరికరాలతో ఆ అక్టోబర్ 21న వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి తడబడ్డాయి. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి అలాంటి పాస్‌వర్డ్‌లతో పరికరాలు అమ్మడాన్నే నిషేధించింది. మన దగ్గరా సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. కానీ పరీక్ష నెగ్గిన కెమెరాకు మనవాళ్లు మళ్లీ అపార్ట్‌మెంట్ పేరు, పక్కన 123 పెడితే ఏ చట్టం ఆపుతుంది?

రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు. గెస్టులు అందులో, లాక్, కెమెరాలు వేరే దాంట్లో ఉండాలి. టీవీ మాత్రం గెస్టుల వైపే పెట్టక తప్పదు, లేకపోతే ఫోన్‌లోంచి సినిమా వేసుకోలేక రాత్రి పదకొండింటికి మనకే ఫోన్ చేస్తారు. రౌటర్‌ను హాల్లో టీవీ పక్కన వేలాడదీయడం మాత్రం నాకు నచ్చదు. సేఫ్టీ పిన్ను ఒకటి చాలు రీసెట్ చేయడానికి. తాళం వేసే పెట్టెలో ఉండాలి అది.

టీవీ గురించి ఎవరూ ఆలోచించరు. ఒకసారి గెస్టు వెళ్లాక నేను టీవీ పెడితే, స్క్రీన్ సేవర్‌లో ఎవరిదో సీమంతం ఫోటోలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాళ్ల గూగుల్ అకౌంట్ అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి దుప్పట్ల జాబితాలో టీవీ రీసెట్ కూడా చేరింది.

ఇక ఇంటి లోపలి కెమెరా. ఇందులో బేరం లేదు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి లోపల ఎక్కడా కెమెరా పెట్టకూడదంది. కానీ మాదాపూర్‌లో సగం బేరాలు వాట్సాప్‌లోనే కుదురుతాయి, ఆ నియమం ఇక్కడి ఓనర్లకు వినపడదు. 2025 అక్టోబర్‌లో మధురానగర్ పోలీసులు ఒక ఇంటి యజమానిని అరెస్టు చేశారు, అద్దెకిచ్చిన పోర్షన్ బాత్రూమ్‌లో బల్బు హోల్డర్‌లో కెమెరా పెట్టాడన్న అభియోగం మీద. ఐటీ చట్టం 66ఇ కింద ఇలాంటిదానికి మూడేళ్ల వరకు జైలు. "మైక్రోవేవ్ ఎత్తుకుపోతే?" అంటాడు బావ. అడ్వాన్సు తీసుకో, గుమ్మం బయట కారిడార్‌లో ఒక కెమెరా పెట్టుకో, అది ఉందని ముందే చెప్పు. అంతకు మించి చూసే హక్కు నీకు లేదు.

గదిలో దిగేవాళ్లకూ ఒక మాట. ఫోన్ యాప్‌లతో వైఫైలో కెమెరాలు వెతికి నిశ్చింతగా పడుకోకండి. మెమరీ కార్డులోకి రికార్డు చేసుకునేది నెట్‌వర్క్‌లో కనపడదు. లైట్లు ఆపి, ఫోన్ టార్చి వేసి, మంచానికీ బాత్రూమ్‌కీ ఎదురుగా ఉన్న బల్బు హోల్డర్లు, పొగ అలారాలు, ఛార్జర్లు, గోడ గడియారాలు చూడండి. లెన్స్ ఉంటే చుక్కలా మెరుస్తుంది. ఏదైనా దొరికితే పీకి పారేయకండి, ఓనర్‌తో గొడవకు దిగకండి. ఉన్నది ఉన్నచోటే ఫోటో తీసి, గది బయటికొచ్చి 112కి ఫోన్ చేయండి.